హార్మోనియాన్ని ఓడించిన పాట

ముందు శుభవార్త. నేను డిగ్రీ పాసయ్యాను. మా ఇంట్లో ఇదే మొదటి డిగ్రీ, అదీ సంగీతంలో. ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి పాలు పోసే ఆయనకి కూడా రెండుసార్లు చెప్పాను. అయితే ఈ డిగ్రీకి పునాది మాత్రం ఒక ఘోరం. మా ఊరి కొత్త చర్చి ప్రతిష్ఠ రోజున, నిండు సభలో, పదకొండు మంది ఆడవాళ్ళ చేత నేను చేయించిన ఘోరం. మీరూ నవ్వుకోండి, ఊరంతా నవ్వేసి మూడేళ్ళు దాటింది.

అప్పటికి నా ఇంటర్ అయింది. మాది శావల్యాపురం పక్కన పల్లెటూరు. చర్చిలో హార్మోనియం వాయించే డానియేలు మాస్టారి దగ్గర పాట నేర్చుకున్నాను, సంగీతంలోనే డిగ్రీ చేస్తానని ఇంట్లో చెప్పాను. మిరపకాయల బస్తాలు మోసే మా నాన్నది ఒకటే మాట.

"పాటలకి డిగ్రీ ఏందే? పాడేవాళ్ళు ఊరికే పాడతన్నారు గదా."

చివరికి పాస్టరుగారు రాజీ చేశారు. ప్రతిష్ఠ రోజు మా క్వయర్ పాట విని నాన్న తేల్చాలి. అంటే నా చదువు మొత్తం ఐదు నిమిషాల పాట మీద నిలబడింది.

సరిగ్గా అప్పుడే మాస్టారు బాత్రూంలో జారి, కాలు విరగ్గొట్టుకుని, చిలకలూరిపేటలో కూతురింటికి చేరారు. ప్రతిష్ఠకి ఇంకా ఆరు వారాలుంది. నేనేం కంగారు పడలేదు. చేతిలో ఫోనుండగా కంగారేంటి? రోజూ సాయంత్రం వీడియో కాల్. అక్కడ మాస్టారు వాయిస్తారు, ఇక్కడ మేం పాడతాం.

ఫోను వల్ల లాభం లేదని అనను. మా క్వయర్లో పాడే మార్తమ్మత్తకి చదవడం రాదు. మాస్టారి పాట రికార్డు చేసి ఆమె ఫోన్లో పెట్టాను. ఫోను నడుముకి దోపుకుని, మిరపకాయలు కోస్తూ విని, వారం తిరిగేసరికి నాలుగు చరణాలూ అప్పజెప్పింది.

"నా చిన్నప్పుడు ఈ ఫోనుంటే నేనే మీకు మాస్టర్ని అయ్యేదాన్నే" అంది.

చిక్కల్లా మాస్టారితోనే వచ్చింది.

"ఏందమ్మా, అందరూ వెనకబడతన్నారు?"

"లేదు మాస్టారూ, మీతోనే పాడతన్నాం."

"విరిగింది కాలమ్మా, చెవులు కాదు. వెనకే ఉన్నారు."

ఇద్దరిదీ నిజమే. ఆయన మెట్టు నొక్కితే ఆ శబ్దం ఫోన్లో మాకు చేరడానికి ఒక క్షణం. మా పాట తిరిగి ఆయనకి చేరడానికి ఇంకో క్షణం. ఈ రహస్యం కనిపెట్టినందుకు నన్ను నేనే మెచ్చుకుని, వెంటనే మందు కూడా కనిపెట్టాను.

"ఇకనించి హార్మోనియం కోసం ఆగొద్దు. ముందే అందుకోండి. అది దగ్గరికొస్తంటే ఇంకాస్త ముందుకెళ్ళండి."

"హార్మోనియం కంటే ముందా? అదేం పద్ధతే?" అంది మార్తమ్మత్త.

"టెక్నాలజీ అత్తా."

మా చెవులకి అది సంతలా ఉంది. ఫోన్లో మాస్టారు మాత్రం, "ఇప్పుడు కుదిరిందమ్మా, చానా బాగుంది" అన్నారు. అలాగే సాధన చేశాం, రోజూ.

ప్రతిష్ఠ రోజు పొద్దున మాస్టారు చేతికర్రతో ఆటో దిగారు.

"ఒక్కసారి కలిసి పాడి చూద్దామా అమ్మా?"

"ఎందుకు మాస్టారూ, ఇన్నాళ్ళూ పాడతానే ఉన్నాం గదా. మీరు కూర్చోండి."

ఈ మాట అన్న నోటిని ఇప్పటికీ అద్దంలో చూసుకుంటుంటాను.

ఆయన మొదటి మెట్టు నొక్కేసరికి మేం రెండో మాటలో ఉన్నాం. పాపం, అందుకోవాలని ఆయన వేగం పెంచారు. హార్మోనియం దగ్గరికొస్తోంది. దగ్గరికొస్తే ఏం చెయ్యాలో నేను ముందే నేర్పి ఉన్నాను గదా, ఇంకాస్త ముందుకెళ్ళాం. నరసరావుపేట బస్సు వెనక పరిగెత్తే మనుషుల్ని మీరు చూసుంటారు. ఇక్కడ బస్సే మనుషుల వెనక పడింది. రెండో చరణం మధ్యలో మార్తమ్మత్త ఊపిరి తీసుకుంది, మళ్ళీ పాట అయ్యాకే తీసుకుంది. మేం ఆమెన్ అనేశాక కూడా హార్మోనియం ఒక్కటే ఇంకో పాదం వాయించుకుంటూ వచ్చి ఆగింది. కళ్ళు మూసుకుని విందామనుకున్న పాస్టరుగారు తెరిచేసరికి అయిపోయింది.

మాస్టారు కండువాతో మొహం తుడుచుకున్నారు.

"సుజీ, ఎందుకమ్మా అట్టా పారిపోయారు?"

"మీరేగా మాస్టారూ, వెనకబడొద్దన్నది."

ఏడుపు ఆపుకుంటూ ఫోను సంగతంతా చెప్పాను. పక్కనే నాన్న చేతులు కట్టుకుని వింటున్నాడు.

"ఐదు నిమిషాల పాటన్నావు?"

"అవును నాన్నా."

"రెండు నిమిషాల్లో అయింది."

"అవును నాన్నా."

"ఆ లెక్కన మూడేళ్ళ డిగ్రీ ఏడాదిలో అయిపోద్ది. పోయి చేరు."

మూడేళ్ళూ పట్టింది లెండి. ఆఖరి పరీక్షలో సంగీత బోధనలో టెక్నాలజీ వల్ల లాభనష్టాలు రాయమన్నారు. లాభం కింద మార్తమ్మత్తని రాశాను, నష్టం కింద నన్ను రాసుకున్నాను. నష్టానికి అదనపు కాగితం అడగాల్సి వచ్చింది.

కాబట్టి పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఫోన్లో ఎంత నేర్పినా, హార్మోనియం ఉన్న గదిలో ఒక్కసారైనా అందరినీ నిలబెట్టకుండా ఇక జన్మలో ఎవరిచేతా పాడించను.

ఫలితాలు రాగానే మాస్టారికి వీడియో కాల్ చేసి, "పాసయ్యాను మాస్టారూ" అన్నాను. ఆయన మొహం కదల్లేదు. ఇంకా విననట్టుగా నా వైపే చూస్తున్నారు.

ఈసారి తొందరపడలేదు. ఆగాను. ఒక క్షణం తర్వాత ఆయన నవ్వు వచ్చింది.