తవిటమ్మ చెప్పిన పది

పాతికేళ్లుగా పూర్ణా మార్కెట్లో చేపలమ్ముతున్న తవిటమ్మ నోటి వెంట అసలు ధర మొదటే ఎన్నడూ రాలేదు. హార్బరు వేలంపాటలో కొనేటప్పుడు తగ్గించి పాడేది, మార్కెట్లో బుట్ట దించాక పెంచి చెప్పేది. అవతలివాళ్లు ఎలాగూ బేరమాడతారు, మధ్యలో ఎక్కడో తెగుతుంది. లోకమంతా ఇలాగే నడుస్తుందని ఆవిడ నమ్మకం.

2004 శీతాకాలంలో ఆవిడ మొగుడు ఎల్లారావుకు ఆపరేషన్ అయింది. ఎప్పుడో వచ్చిన క్షయ నయమైనా, కుడి ఊపిరితిత్తి కింది భాగం చీముపట్టి పాడైపోయింది. పక్కటెముకల మధ్య కోసి దాన్ని తీసేశారు. మత్తు డాక్టరు కుసుమకుమారి అతని వెన్నులో సన్నటి గొట్టం పెట్టి, అందులోంచి తిమ్మిరి మందు కొద్దికొద్దిగా పోయేలా చేసింది. నొప్పి మరీ ఎక్కువైతేనే మార్ఫిన్ సూది.

నర్సు గౌరీశ్వరి పూటపూటా వచ్చి అడిగేది. "నొప్పి లేకపోతే సున్నా, అసలు ఓర్చుకోలేకపోతే పది. ఇప్పుడెంత?"

"పదమ్మా, పది!" అనేది తవిటమ్మ. ఎల్లారావు తలూపేవాడు. ఇంట్లో బేరాలన్నీ ఆవిడవే మరి. పది అంటేగాని ఆరుకు సరిపడా మందివ్వరని ఆవిడ లెక్క. కానీ ఇక్కడెవరూ బేరమాడలేదు. పదంటే పదే రాసుకుని సూది వేశారు.

మూడో రోజు పొద్దున్న ఎల్లారావు ఎంత లేపినా కళ్లు సరిగ్గా తెరవలేదు. ముక్కులోంచి ఆక్సిజన్ పోతున్నా, వేలికి తగిలించిన క్లిప్పు చూపించే అంకె తొంభై కిందికి జారింది. కుసుమకుమారి ఎక్స్‌రేని వెలుతురులో పెట్టి చాలాసేపు చూసింది.

"మిగిలిన ఊపిరితిత్తి విచ్చుకోవడం లేదు. దగ్గి కఫం తీస్తేనే విచ్చుకుంటుంది. ఈ సూదుల మత్తులో ఏం దగ్గుతాడు? సాయంత్రానికీ ఇలాగే ఉంటే గొంతులో గొట్టం వేసి మిషను మీద పెట్టాలి." ఫైలు తిరగేసింది. "వెన్నులో మందు పోతూనే ఉంది కదా. ఇన్నిసార్లు పది ఎలా వచ్చింది?"

తవిటమ్మ డాక్టరు దగ్గరికి జరిగింది.

"నానే సెప్పినానమ్మా. మావకెంతుందో నాకేటి తెలుసు? పాటలో ఉన్న దర ముందే ఎవులు సెప్తారు?"

డాక్టరు కోప్పడలేదు. అందుకే ఆవిడకు ఇంకా భయమేసింది.

"ఇక సూది ఆపేస్తున్నాను. నొప్పి తెలుస్తుంది. మొత్తం పోనక్కర్లేదు, కూర్చుని దగ్గగలిగేంత తగ్గితే చాలు. మీరు మాత్రం మాట్లాడకండి. ఆయన్నే చెప్పనివ్వండి."

మధ్యాహ్నానికి మత్తు దిగింది. ఎల్లారావు మంచం పట్టె పట్టుకుని మెలికలు తిరిగాడు.

"సూదెయ్... మనే." ఆ రెండు ముక్కలకే ఊపిరి చాల్లేదు.

తవిటమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఎంత?" అంది గౌరీశ్వరి.

అతను అలవాటుగా పెళ్లాం వైపు చూశాడు. ఆవిడ గోడ వైపు తిరిగిపోయింది. పది అన్న మాట నాలుక చివరే ఉంది.

"ఏడు," అన్నాడు చివరికి.

డాక్టరు వెన్నులో మందు కొంచెం పెంచింది. మత్తు లేని నొప్పి మందు సెలైన్లో ఎక్కించింది. అరగంటకి అయిదన్నాడు. ఆ అయిదుతోనే లేపి కూర్చోబెట్టారు.

కోత మీద దిండు గట్టిగా అదిమి పట్టి దగ్గించాలంది నర్సు. ఆసుపత్రి దిండు మెత్తగా జారిపోతోంది. తవిటమ్మ సంచిలోంచి చుట్టకుదురు తీసింది, నెత్తిన చేపలబుట్ట కింద పెట్టుకునేది.

"అబ్బ, వాసన!" అంది నర్సు.

"ఓలమ్మ, ఉతికిందేనమ్మా!"

గౌరీశ్వరి దానికి శుభ్రమైన తువ్వాలు చుట్టి ఇచ్చింది. తవిటమ్మ కట్టు మీద రెండు చేతులా అదిమింది. మొదటి దగ్గు గొంతులోనే ఆగిపోయింది. రెండోదీ అంతే. నాలుగు గంటలైంది. అంకె ఎనభై ఎనిమిది దగ్గరే ఉంది.

"మళ్లీ దగ్గు, మావా."

"ఒగ్గీయే..." అతని కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి.

"ఒగ్గను. దగ్గు."

అయిదోసారికి లోపల ఏదో కదిలింది. చిక్కటి కఫం పళ్లెంలో పడింది. తవిటమ్మ చేతులు తియ్యలేదు. ఇంకో రెండుసార్లు దగ్గించింది.

"ఓసి రాచ్చసీ, నా పేణం తియ్యడానికే పుట్టినావేటే, నిన్ను కట్టుకున్న నాడే సెప్పింది మాయమ్మ!"

ఒక్క ఊపిరిలో తిట్టాడు. మూడు రోజుల్లో అతను ఆడిన పొడుగు మాట అదే. తవిటమ్మ క్లిప్పు వైపు చూసింది. తొంభై రెండు.

"ఇన్నావా సిస్టరమ్మా?" అంటూ చుట్టకుదురు సర్దింది. "ఇంకోపాలి, మావా."