అందరివీ ఎడమ కాళ్లే

చిన్నప్పుడు ఏ వస్తువైనా కత్తిరించి లోపలేముందో చూస్తే గాని ఆమెకు నిద్ర పట్టేది కాదు. నాన్న గొడుగు కూడా ఆ ఆరాటానికే బలైంది. అప్పుడు పడిన ‘కత్తెరమ్మ’ అన్న పేరు, బళ్లో చేతిపనుల టీచరయ్యాక కూడా వదల్లేదు.

ఆ బడి హెడ్మిస్ట్రెస్ స్వయానా ఆమె ఆడపడుచు. ఇంట్లో వదిన, బళ్లో మేడమ్.

“చూడమ్మాయ్, కాగితాలు చింపడానికి ఒక పీరియడా? లెక్కల మాస్టారు ఆ గంట తనకిమ్మంటున్నాడు. ఇవాళొచ్చి చూస్తా. పిల్లలకి ఏమైనా వంటబడితే సరే, లేకపోతే ఇచ్చేస్తా” అని పొద్దున్నే తేల్చి చెప్పింది.

ఆ రోజు పని, పైన నూలు, అడుగున రబ్బరు ఉన్న పాత తివాచీతో చెప్పులు కత్తిరించడం. పిల్లలు ఎడమ పాదం అట్టమీద గీసి, ఆ అట్టను కత్తిరించి, దాన్ని తివాచీమీద పెట్టి రెండుసార్లు గీసి కత్తిరించారు. మేడమ్ గుమ్మంలో అడుగుపెట్టేసరికి, ప్రశ్నలపుట్ట అని పేరుపడ్డ పిల్ల లేచి అరిచింది.

“టీచర్, నావి రెండూ ఎడమవే!”

చూస్తే గదిలో ఎవరికీ కుడికాలి చెప్పు లేదు. రెండోసారి అట్ట ఎలా పెట్టాలో చెప్పడం మరిచింది కత్తెరమ్మే.

“బాగుంది సంబడం! అందర్నీ కుంటిస్తావా?” అంది మేడమ్.

“ఉండండి వదినా... మేడమ్! ఎడమదాన్ని కుడిది చెయ్యలేమా? చూద్దాం!” అంది కత్తెరమ్మ. భయాన్ని ఆరాటం మింగేసింది.

బల్లమీద జరిపి చూశారు. ఎడమదే. తిప్పారు. మడమ ముందుకొచ్చింది గాని, ఎడమదే.

“ఇంకాస్త తిప్పితే?” అన్నాడొకడు.

“గానుగెద్దులా ఎంత తిరిగినా అంతేరా” అంది ప్రశ్నలపుట్ట. చెప్పు తిరగేసింది. కుడిదైంది! కానీ మెత్తటి నూలు కిందికిపోయి, అడుగు రబ్బరు పైకొచ్చింది. అందరూ ఘొల్లున నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు. అట్టను అటూ ఇటూ చూసింది.

“దీనికి రెండువైపులా ఒకటేగా! ముందు అట్టనే తిరగేసి గీస్తే?”

మిగిలిన తివాచీ ముక్కమీద గీసి కత్తిరించారు. నూలు పైనే ఉంది, కుడికాలూ వచ్చింది. గది హోరెత్తిపోయింది.

మేడమ్ మాత్రం మూల బల్లమీద ఒక ఎడమ చెప్పును ఇంకా గుండ్రంగా తిప్పుతూనే ఉంది.

“నిజంగా రాదుటే?”

“రాదు వదినా.”

“ఎందుకు రాదు?”

“అదే నాకూ తెలుసుకోవాలనుంది. వచ్చేవారం చేతులు గీసి చూద్దాం.”

“లెక్కల మాస్టార్ని కూడా ఇక్కడే కూర్చోమంటా. ఆ గంట ఎక్కడికీ పోదులే” అంటూ మేడమ్ కాలిజోడు విప్పి, అట్టమీద పాదం మోపింది. “ముందు నాది గియ్యి. చక్కిలిగిలి పెట్టావంటే ఊరుకోను.”