వాడి పొట్టకు కుట్టిన సీటు

బండ్లకు సీట్లు కుట్టడం నా పని. కర్నూలులో లారీల వాళ్లు, జీపుల వాళ్లు, ఆటోల వాళ్లు నన్ను వెతుక్కుంటూ వస్తారు. ఇన్ని బండ్లకు సీట్లు కుట్టాను గానీ నాకు మోపెడ్ తప్ప ఇంకేదీ నడపడం రాదు. ఈ సంగతి ఊరందరికీ చెప్పి నవ్వించినవాడు నా స్నేహితుడు. వాడు మెకానిక్కు. మా ఇద్దరి షెడ్లకూ నడుమ ఒకటే గోడ. అటువైపు వాడు ఇంజన్లు విప్పేవాడు, ఇటువైపు నేను రెగ్జిన్ కోసేవాణ్ణి. ఆ గోడ మీదుగా ఒకరినొకరు తిట్టుకుంటూనే మా వయసంతా గడిచిపోయింది.

వాడి గురించి చెప్పాలంటే ముందు వాడి పొట్ట గురించి చెప్పాలి. ఎక్కడికి పోయినా వాడికంటే అదే ముందు చేరేది. వాడి పాత జీపులో హారన్ బటన్ స్టీరింగు నడుమన ఉండేది. మలుపు వచ్చి వాడు కాస్త ముందుకు వంగితే చాలు, పొట్ట పోయి దాని మీద ఆనుకునేది, జీపు బయ్యిమని అరిచేది. వాడి భార్యది కోడుమూరు దారిలో ఒక చిన్న పల్లె. అక్కడ చర్చి ముందర ఒక మలుపు ఉంది. వీళ్లు పోయిన ప్రతిసారీ ఆ మలుపులో హారన్ దానంతటదే మోగేది. “అల్లుడు వచ్చినాడు” అని పిల్లా పెద్దా నవ్వుకుంటూ బయటికి వచ్చేవాళ్లు. ఆమె సిగ్గుతో కొంగు ముఖానికి కప్పుకునేది. “ఆ హారనన్నా తీసేయ్, ఆ పొట్టన్నా తీసేయ్” అని ఇంటికి వచ్చాక వాడితో కొట్లాడేది. వాడు రెండూ తీయలేదు.

పెళ్లయిన కొత్తలో వాడు ఆమెకు ఒక మాట ఇచ్చాడు. కోత పండగకు సొంత అంబాసిడర్ కారులో పుట్టింటికి తీసుకుపోతానని. కోత పండగంటే, పంట ఇంటికి వచ్చాక మొదటి గింజలూ గుమ్మడికాయలూ కోళ్లూ తెచ్చి చర్చికి ఇచ్చే పండగ. అల్లుళ్లందరూ కనబడేది ఆ రోజే. వాడు ఏళ్ల తరబడి ఊళ్లోవాళ్ల బండ్లన్నీ బాగుచేశాడు గానీ ఆమె మాత్రం ఆ జీపులోనే పోయి వచ్చింది.

చివరికి పత్తికొండ దగ్గర ఒక రైతు కొట్టంలో పాత అంబాసిడర్ దొరికింది. వెనక సీట్లో కోళ్లు గుడ్లు పెట్టేవి. వాటిని బతిమాలి దించి కారును షెడ్డుకు తెచ్చుకున్నాడు. ఇంజన్ అంతా తన చేత్తోనే విప్పి బిగించాడు, ఎవరినీ దగ్గరికి రానియ్యలేదు. మీగడ రంగు వేయించాడు. అది స్టార్టయిన రోజు వీధంతా మైసూరు పాకు పంచి, నాకు మాత్రం ముక్క చిన్నది ఇచ్చాడు. ఇంక బ్రేకులు, వైర్లు, తలుపులు, సీట్లు మిగిలాయనగా వాడి మూత్రపిండాలు పనిచేయడం మానేశాయి. రోజు మార్చి రోజు ఆసుపత్రికి పోయి రక్తం శుభ్రం చేయించుకుని రావాలి. తాగే నీళ్లు కూడా కొలిచి ఇచ్చేవాళ్లు. స్పానర్ పట్టుకుంటే చేయి నిలిచేది కాదు.

ఒకరోజు వాడి భార్య నా షెడ్డుకు వచ్చింది.

“అన్నా, ఈయప్ప ఆ కారు మీదనే పానం పెట్టుకున్యాడు. ఈ తూరి కోత పండగకు తానే తోలుకోని పోతానంటాండాడు. మల్లొచ్చే పండగ సంగతి దేవునికే ఎరక. నువ్వన్నా దాన్ని ముగించన్నా.”

“నాకు సీట్లు తప్ప ఏం తెలుసమ్మా?”

“చెప్పేదానికి ఆయన ఉండాడు గదా. రోగమంతా ఒంటికే వచ్చింది గానీ నోటికేం రాలేదు.”

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. షెడ్డులో కారు పక్కన నవారు మంచం వేసుకుని వాడు పడుకునేవాడు. నేను కారు కింద దూరేవాణ్ణి. “ఏం జేస్తాండావప్పా, ఆడ దుప్పటి కప్పుకోని పండుకున్యావా?” అని పైనుంచి వినబడేది. నేను ఒక నట్టు తప్పు వైపు తిప్పితే ఆ చప్పుడుకే తెలిసిపోయేది వాడికి. “అది నట్టు, సూది గాదు. దారం ఎక్కియ్యాల్సిన పనిల్యా” అనేవాడు. బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తెప్పించి నా ముందర పెట్టించి, నేను తింటుంటే చూస్తూ పడుకునేవాడు. బజ్జీ కొరికినప్పుడు మాత్రం ముఖం గోడ వైపు తిప్పుకునేవాడు.

బ్రేకుల పైపుల్లో గాలి చేరితే బ్రేకు పడదు. ఆ గాలి తీయడానికి లోపల ఒకరు బ్రేకు తొక్కి పట్టుకోవాలి, కింద ఒకరు నట్టు వదులు చేయాలి. సీటు ఇంకా లేదు కాబట్టి వాడి భార్యే కారులో కట్టెపీట వేసుకుని కూర్చుంది. “తొక్కు” అంటే తొక్కేది, “ఇడువు” అంటే విడిచేది. పని అయిపోయాక ఆమె దిగి, “పెండ్లయినప్పటినుంచి నువ్వు చెప్పినట్ల ఇన్నది ఈ ఒక్క పూటే” అని వాడితో అంది. వాడు చాలాసేపు నవ్వాడు, తర్వాత ఆయాసపడ్డాడు. మేమిద్దరం ఏమీ ఎరగనట్టు పనిలో పడ్డాం.

సీట్ల దాకా వచ్చేసరికి నాకు ధైర్యం వచ్చింది. “ఇంక నువ్వు నోరు మూసుకో. ఈడనుంచి నా రాజ్యం” అన్నాను.

నా పని తీరు ఒకటుంది. డ్రైవరు సీటు కుట్టేటప్పుడు నేను టేపు పట్టను. సగం ఇసుక నింపిన గోనెసంచి మీద డ్రైవరును కూర్చోమంటాను. లేచాక ఇసుకలో పడిన గుంటే నాకు కొలత. మనిషి ఎటు ఒరుగుతాడో, నడుము ఎక్కడ ఆనుతుందో అందులోనే తెలుస్తుంది. కానీ వీడికి ఇసుక సంచి ఎందుకు? జీపు సీటు నేను కుట్టిందే, స్కూటరు సీటు నేను కుట్టిందే, షెడ్డులో వాడు కూర్చునే కుర్చీ మెత్త కూడా నాదే. కారులో సీటు ముందుకూ వెనక్కూ జరిగే పట్టాలు తుప్పు పట్టి రాలిపోయాయి. అందుకని సీటును బోల్టులతో నేలకే బిగించాలి. ఈ కారులోనూ హారన్ బటన్ స్టీరింగు నడుమనే ఉంది. పొట్ట దానికి తగలకుండా ఎంత వెనక్కి పోవాలో అంత వెనక్కి పోయి బెజ్జాలు వేశాను. వాడి బరువుకు తగ్గట్టు లోతుగా గుంట తీసి, చుట్టూ కొబ్బరి పీచు దట్టించి, పైన ఎర్ర రెగ్జిన్ పరిచి కుట్టాను. ఈసారి ఆమె పుట్టింటి దగ్గర సిగ్గుపడే పనిలేదని లోలోపల మురిసిపోయాను.

“ఒకసారి కూచోబెట్టి సూడవా అన్నా?” అని ఆమె అడిగింది.

“వాని కొలత నాకు నిద్రలో గూడా తెలుసమ్మా” అన్నాను.

మంచం మీద వాడు ఏదో అనబోయి, షెడ్డు రేకుల వైపు చూస్తూ ఊరుకున్నాడు. వాడు ఊరుకున్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

పండగ రోజు పొద్దున్నే వాళ్లిద్దరూ కారు ముందర నిలబడి ప్రార్థన చేసుకున్నారు. నా తృప్తికి నేను నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాను. “నాకు గుక్కెడు నీళ్లకు గతిల్యా, నువ్వు చక్రాలకు నిమ్మరసం తాపుతాండావు” అన్నాడు వాడు. తెల్ల చొక్కా తొడుక్కుని, నా భుజం పట్టుకుని వచ్చి, సీట్లో కూర్చున్నాడు.

కూర్చున్నాడు అనడం తప్పు. నేను తీసిన గుంటలో మునిగిపోయాడు. స్టీరింగు అంచు వాడి కళ్లకు అడ్డం వచ్చింది. కాలు చాపితే క్లచ్చి వేళ్లకు కూడా అందలేదు. పక్కన ఇంకొక మనిషి కూర్చునేంత చోటు మిగిలింది. పొట్టకూ హారన్‌కూ నడుమ నా రెండు చేతులూ పట్టేంత ఖాళీ ఉంది. రోజూ వాణ్ణి చేయి పట్టుకుని లేపి కూర్చోబెట్టినవాణ్ణి నేనే. ఎంత తేలికైపోయాడో నా చేతులకు తెలుసు. అయినా సూది పట్టుకునేసరికి నా కళ్ల ముందు ఆ పాత మనిషే ఉన్నాడు. నాకు ఏడుపు వచ్చింది, దాచుకోలేదు.

“దిగు. విప్పి, మల్ల ముందుకు జరిపి బిగిస్తా” అన్నాను.

“ముట్టుకున్యావంటే సూడు” అన్నాడు వాడు. “నన్ను సూసేదానికి వచ్చినోళ్లంతా ‘శానా చిక్కిపోయినావప్పా’ అని ఏడ్సి పోతాండారు. నన్ను చిక్కిపోనీయనోడివి నువ్వొక్కనివేరా. ఈ జాగా ఇట్లనే ఉండనీ.”

నేను చొక్కా అంచుతో ముఖం తుడుచుకున్నాను. తర్వాత వాడే, “అయినా కొలత తీసుకోకుండా కుట్టినావని ఊర్లో చెప్తా. ఇంక నీ షెడ్డుకు కుక్క గూడా రాదు” అన్నాడు.

ఆమె లోపలికి పోయి తన పాత చీరలతో కుట్టిన బొంతలు తెచ్చింది. ఒకటి మడిచి కింద వేసింది, రెండు మడిచి వీపు వెనక దోపింది. అప్పుడు వాడి కాలు క్లచ్చికి అందింది, కళ్లకు దారి కనబడింది. “సూడరా, ఇది కుట్టు అంటే” అని బొంతను తట్టి నాకు చూపించాడు.

ఆమె వాడి పక్కన కూర్చుంది. గుమ్మడికాయ ఒళ్లో పెట్టుకుని నేను వెనక కూర్చున్నాను. కారు శనగ చేల నడుమ మెల్లగా పోయింది. ట్రాక్టర్లు కూడా మమ్మల్ని దాటుకుని పోయాయి. దాటిన ప్రతి ట్రాక్టరునూ వాడు పేరు పేరునా తిట్టాడు. ఇంజన్ చప్పుడు వింటూ మధ్యలో వాడే తల ఊపుకున్నాడు. వాడి ముఖం చూస్తే నా గుండె నిండింది.

పల్లె వచ్చింది. చర్చి ముందర మలుపు వచ్చింది. వాడు ఎప్పటిలాగే స్టీరింగు తిప్పుతూ ముందుకు వంగాడు. ఏ చప్పుడూ కాలేదు. చర్చి ముందు నిలబడినవాళ్లలో ఒక్కరూ తల తిప్పి చూడలేదు. తెల్ల చొక్కా స్టీరింగు మీద వదులుగా వేలాడింది. వాడు ఇంకొంచెం వంగాడు, మళ్లీ వెనక్కి ఆనుకున్నాడు.

అప్పుడు ఆమె గాజుల చేయి చాపి, స్టీరింగు నడుమన ఉన్న బటన్‌ను గట్టిగా నొక్కి పట్టుకుంది. కారు పల్లె పల్లెంతా వినబడేలా అరిచింది. “అల్లుడు వచ్చినాడు” అని ఎవరో అరిచారు. పిల్లలు పరిగెత్తుకుంటూ వచ్చారు, వాళ్ల వెనక పెద్దవాళ్లు నవ్వుకుంటూ వచ్చారు. ఆమె చేయి తీయలేదు, కొంగు ముఖానికి కప్పుకోలేదు.