తూర్పు ముఖం కుర్చీ

2012 ఎండాకాలం. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు మీది గదిలో పేక ముక్కలు పంచేదాన్ని. అంతకుముందు ఆ పని మా ఆయనది. ఆయన పోయాక మిల్లు సేటే పిలిచి, "చాయ్ పెట్టు, ముక్కలు పంచు" అన్నాడు. నాకు సంతకం తప్ప చదువు రాదు. ముక్కల మీది అంకెలు వచ్చు, అది చాలింది.

అక్కడ ఆడేది ఒమాహా. మనిషికి నాలుగు ముక్కలు, బల్ల మీద అందరికీ కలిపి ఐదు. చేతిలోవి రెండు, బల్ల మీదివి మూడు కలుపుకోవాలి. పాట్ లిమిట్ అంటే నడుమ ఉన్న డబ్బు కుప్పకు మించి పందెం కాయకూడదు. చిన్న కట్టుబాటే అనిపిస్తుంది గానీ, రెండు మూడు మాటల్లో ఆ కుప్ప మనిషి మెడదాకా వస్తుంది. పందెం చెప్పే మాట వరస ఎడమకు తిరుగుతుంది. ముందువాడు గుడ్డిగా మాట్లాడాలి, వెనకవాడు విని మాట్లాడతాడు. దాన్ని పొజిషన్ అంటారు.

సైదులుది హాలియా నుంచి వడ్లు తోలే సొంత లారీ. తూర్పు ముఖంగా కూర్చుంటేనే కలిసొస్తుందని ఎవరో వాస్తు చెప్పారట, ఆ కుర్చీ తప్ప ఇంకోటి ముట్టడు. దానికి ఎడమ పక్కన ఉత్తరం కిటికీ, అక్కడ కూలర్. సేటు కూలర్ వదిలి కూర్చోడు. దాంతో ఏదో ఒకటీ అరా ఆట తప్ప, సైదులు ముందు మాట్లాడేవాడు, సేటు విని కొట్టేవాడు. చూస్తుంటే నాకు చెప్పేయాలనిపించేది. పంచేవాళ్ళు నోరు విప్పకూడదు, అదే మొదటి షరతు.

ఒక మధ్యాహ్నం ఇంకా ఎవరూ రాకముందే సైదులు వచ్చి లారీ తాళంచెవి చూపించాడు.

"ఇగ ఇదే మిగిలిందక్కా. ఇయ్యాల అటో ఇటో."

"మీ ఇంటామెకు ఎరుకనా?"

"లారీ కడిగించుకొస్త అని చెప్పిన."

"మంచిగనే కడుగుతరు గీడ."

నవ్వి బీడీ కోసం కిందికి దిగాడు. నాకు కూర్చోబుద్ధి కాలేదు, నిలబడబుద్ధి కాలేదు. కూలర్‌లో నీళ్ళు పోయడానికి లేచినదాన్ని, బిందె కింద పెట్టి, ఆ చక్రాల కూలర్‌ను దక్షిణం కిటికీకి నెట్టుకెళ్ళాను.

సేటు వస్తూనే అడిగాడు. "గిదేంది, కూలర్ గాడికి వోయింది?"

"ఈడ ప్లగ్గు కాలింది సార్."

గొణుక్కుంటూ పోయి చల్లగాలికే కూర్చున్నాడు. ఇప్పుడు సైదులుకు కుడి పక్క. అంటే మాట ముందు సేటుది.

రెండు గంటలు ఆట సాగింది. చివరికి సేటు, సైదులు మిగిలారు. ఐదో ముక్క తిప్పాను. బల్ల మీద అది మూడో ఇస్పేటు, చేతిలో ఇంకో రెండున్నవాడికి ఐదూ ఒకే జాతి. సైదులు చెయ్యి అప్పుడే తాళంచెవి ఉన్న చొక్కా జేబులోకి పోయింది. వంతు తనది కాదని గుర్తొచ్చి ఆగింది.

"పాట్" అన్నాడు సేటు. కుప్ప ఎంతో అంతా.

సైదులు ఆ ఇస్పేట్లను చూశాడు, సేటును చూశాడు. జేబులోంచి చెయ్యి ఖాళీగా తీసి ముక్కలు పడేశాడు. అన్నీ నా దగ్గరికి లాక్కుంటూ సేటువి చూశాను. రెండు ఇస్పేట్లు, అందులో ఒకటి ఆసు. సైదులు కాసి ఉంటే లారీ పోయేది.

మెట్ల దగ్గర సైదులు, "తూర్పు కాపాడిందక్కా, రేపొస్త" అన్నాడు. అప్పుడిక ఉండలేకపోయాను.

"తూర్పు కాదు తమ్మీ, కూలర్. ఇన్నొద్దులు నువ్వు చెప్పినంక ఆయన చెప్పిండు. ఇయ్యాల ఆయన చెప్పినంక నువ్వు ఇన్నవ్."

సైదులు వెనక్కి తిరిగి కూలర్ వైపు చూశాడు. మర్నాడు అతని లారీ మిల్లుకు వచ్చింది, వడ్లు దింపి పోయింది. అతను మెట్లెక్కలేదు.

సేటు ఆ ఖాళీ కుర్చీని, ఏ మచ్చా లేని ప్లగ్గును మార్చి మార్చి చూశాడు. "ముక్కలు పంచెటోళ్ళు కుర్చీలు గూడ పంచుతున్నరా?"

నేను చాయ్ గ్లాసులు ఏరుకున్నాను. ఆ నెలతో పని ఖతం అయింది.

తర్వాత సూర్యాపేట బస్టాండు దగ్గర చాయ్ బండికి జాగా అడగబోతే, దాని ఆసామి, "ఎంత ఇస్తవు?" అన్నాడు. గిన్నెలు సర్దుకుంటూ, "మీరే చెప్పుండ్రి" అన్నాను. ముందు ఆయనతోనే చెప్పించాను.