ఎర్ర చుక్క మసకేసిన ఏడాది

పిడుగురాళ్ల సున్నం బట్టీల్లో పనిచేసేవాళ్లకు సున్నమంటే ఎంత భయమో, దానిమీద పడే నీళ్లంటే అంతకు రెట్టింపు భయం. కాల్చిన సున్నం నీళ్లు తగిలితే కుతకుతా ఉడకడం రోజూ చూస్తారు కదా! అందుకే ఆ దసరా వెళ్లాక బస్తా పగిలి సలోమి కళ్లలో సున్నం పడితే, మొగుడు ఏసయ్య పక్కనే ఉన్న నీళ్ల డ్రమ్ము వదిలేసి, ఎక్కడికో పరిగెత్తి ఆముదం తెచ్చి పోశాడు. ప్రేమకొద్దీ చేసిన పనే. ఆపకుండా నీళ్లు కొట్టుంటే రెండు కళ్లూ దక్కేవేమో. కుడి కన్ను ఆ వారంలోనే పోయింది.

మిగిలిన కంటి గురించి గుంటూరు డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. లోపల ప్రెషరు పెరుగుతోంది, నీటికాసులు, నొప్పి తెలియకుండానే చూపు పోతుంది, మందు మానొద్దు, రోజూ గోడమీది క్యాలెండరు చదువు, మసకనిపిస్తే ఆ రోజే రా అని. సలోమికి చదువెక్కడిది? క్యాలెండరుకు బదులు ఆకాశాన్ని పెట్టుకుంది. డిసెంబరులో అన్నాలయ్యాక వాకిట్లో నిలబడి, మూడు చుక్కల వరస పక్కన ఎర్రగా వెలిగే ఆరుద్ర చుక్కను చూసేది. అది కనపడితే ఆ పూటకు గుండె నిమ్మళం.

క్రిస్మస్ దాటాక చుక్క వెలవెలబోయింది. జనవరిలో మరీ నీరసించింది. సలోమికి అన్నం సయించలేదు. "ఈ కన్నూ పోతే నేనేం కావాలయ్యా" అని మొగుడి దగ్గర ఏడ్చింది. పొద్దున్నే గుంటూరు బస్సెక్కుదామనుకున్నారు ఇద్దరూ.

ఆ సాయంత్రమే వీధి చివరి హనుమంతరావు మేష్టారు సంగతి తెలిసి, చీకటి పడగానే వాళ్ల వాకిట్లోకొచ్చాడు. సైన్సు చెబుతాడు, మంచివాడు, నలుగురికీ తెలివి పంచాలన్న ఆరాటం మాత్రం కాస్త ఎక్కువ.

"పిచ్చిదానా, నీ కంటికేం కాలేదే! ఆ చుక్కే మసకేసింది. ముసలి నక్షత్రం, ఉబ్బుతా తగ్గుతా ఉంటది. ఈ ఏడాది చానా తగ్గిందని ప్రపంచమంతా చెప్పుకుంటన్నారు. ఆ మూడు చుక్కలకి అవతలున్న తెల్లది చూడు, ఎప్పట్లాగే ఉందా?"

"ఉంది మేష్టారూ."

"మరింకేంది!"

అబద్ధమేం చెప్పలేదు పాపం. చుక్క సంగతి తెలిస్తే కంటి సంగతి తెలిసినట్టేనా? అదొక్కటే ఆయనకు తట్టలేదు. సలోమికి ప్రాణం లేచొచ్చింది. గుంటూరు ప్రయాణం ఆగింది. బాగున్న కంటికి మందెందుకని సీసా కూడా పక్కన పెట్టేసింది.

ఫిబ్రవరిలో గుమ్మానికి భుజం కొట్టుకుంది. కాలి పక్కనే ఉన్న బిందె తన్నింది. "తొందరెక్కువైంది నీకు" అని ఏసయ్య విసుక్కున్నాడు. ఆ జబ్బు చూపును అంచుల నుంచి కొరుక్కుంటూ వస్తుందని ఆ ఇంట్లో ఎవరికి తెలుసు? మార్చిలో ఎదురుగా ఉన్నవీ మసకేసేసరికి లాక్‌డౌన్ వచ్చిపడింది. బస్సుల్లేవు. ఏసయ్య మోటారుసైకిలు మీద ఎక్కించుకు బయల్దేరితే పోలీసులు దారిలోనే ఆపి వెనక్కి పంపారు.

ఏప్రిల్లో ఓ సాయంత్రం మేష్టారు సంబరంగా కేకేసుకుంటూ వచ్చాడు.

"సలోమీ, బయటికి రావే! నీ చుక్క మళ్లీ వెలిగింది. పడమటేపు చూడు, ఎంత ఎర్రగా ఉందో!"

సలోమి గోడ తడుముకుంటూ వాకిట్లోకొచ్చింది. తలెత్తి ఎటో చూసింది.

"అటు కాదే, ఇటు!"

"ఇటంటే ఎటండీ? ముందు మీరెక్కడున్నారో చెప్పండి మేష్టారూ" అంది సలోమి.