పానా బాబాయి కుళాయి వైద్యం

ప్లంబరును ఇంటి గడప తొక్కనివ్వకపోవడమే మా బాబాయి జీవితాశయం. అందుకే వీధి వీధంతా ఆయన్ని పానా బాబాయి అనేవారు. ఇంట్లో ఎక్కడైనా చుక్క నీరు కారిందంటే చాలు, పెళ్ళిపిలుపు అందినంత హుషారుగా పానా పట్టుకుని లేచేవాడు.

"ఇంతోటి దానికి ప్లంబరెందుకే? వాషరు మారిస్తే సరి!"

ఆ మాట చెవిన పడగానే పిన్ని చెప్పులూ చాపలూ మంచమెక్కించేది.

ఓసారి సింకు కింద పైపు బిగించాడు. సింకు బాగానే ఉంది, స్నానాలగదిలో షవరు దానంతటదే మొదలైంది.

"చూశావా, ప్రెషరు ఎలా పెరిగిందో!"

"చూశానండీ. హాల్లోకి కూడా వచ్చింది," అంది పిన్ని, గుడ్డ పిండుతూ.

మరోసారి కుళాయి తల ఊడొచ్చింది. నీళ్ళు మొహాన కొడుతున్నా బొటనవేలు అడ్డుపెట్టి, "కంగారుపడకు, అంతా నా చేతిలోనే ఉంది!" అని అరిచాడు. నిజమే, కుళాయి తల ఆయన చేతిలోనే ఉంది.

కొన్నాళ్ళకి పై వాటాలోకి ఓ నర్సు దిగింది, చంటిపిల్లతో ఒంటరిగా. ఓ ఉదయం పిన్ని బజారు నుంచి వచ్చేసరికి పక్కింటావిడ గుమ్మంలోనే ఎదురైంది.

"పై వాటాలో పైపు పగిలిందట. మీవారు పానా పట్టుకుని వెళ్ళి చాలాసేపైంది."

తమ ఇల్లు మునిగితే అలవాటే, ఆ పిల్లతల్లి ఏమైపోవాలి? పిన్ని బకెట్టూ గుడ్డలూ పట్టుకుని, ఆయాసపడుతూ మెట్లెక్కింది.

పైన నేలంతా పొడిగా ఉంది. వంటింట్లో ప్లంబరు గోడలో పైపు అతుకుతున్నాడు. బాబాయి పిల్లను భుజాన వేసుకుని జోకొడుతున్నాడు.

"ఇతన్నెవరు పిలిచారు?"

"నేనే," అన్నాడు బాబాయి, దొంగలా గొంతు తగ్గించి. "మెయిను కట్టేసి, ఫోన్ చేశాను. ఆ అమ్మాయిని డ్యూటీకి పంపించేశాను."

"మీరు ప్లంబర్ని పిలిచారా!"

"గోడలో పైపు, పక్కనే స్విచ్ బోర్డు, ఇంట్లో పసిపిల్ల. ఇక్కడ నా సరదాలేంటే? మనిల్లు మునిగితే మనిద్దరం నవ్వుకుంటాం. ఆ అమ్మాయి ఎవరితో నవ్వుకుంటుంది?"

ప్లంబరు తల తిప్పాడు. "వీధిలో ఎవరింట్లో ఏం పాడైనా సారే నాకు కబురు పెడతారమ్మా. మీ ఇంట్లో మాత్రం ఏదీ పాడవదా?"

పిన్ని నవ్వు ఆపుకోలేక పైట నోటికడ్డం పెట్టుకుంది. అంతలో బాబాయి చొక్కా మీదుగా వెచ్చగా కారింది.

"ఇటివ్వండి, దీనికి ప్లంబరు అక్కర్లేదు," అంటూ పిన్ని పిల్లను అందుకుంది.