నుదుటి మీద నల్లచుక్క

నేను యెమెన్ నుంచి వచ్చేసిన ఎనిమిదో నెలలో మా చెల్లెలికి కొడుకు పుట్టాడు. మాకు అమ్మ లేదు కాబట్టి బారసాల కూడా మండపేటలో దాని అత్తగారింట్లోనే పెట్టారు.

యుద్ధం మధ్యలో మూడేళ్ళు నర్సుగా చేసొచ్చినదాన్ని. వచ్చిన కొత్తలో అందరూ "ఎంత ధైర్యమమ్మా" అన్నారు. తర్వాత పసిపిల్లల్ని నా చేతికివ్వడం మానేశారు. ఎదురుగా ఎవరూ ఏమీ అనరు. మావైపు తిట్టినా "అండి" తగిలించే తిడతారు. చెల్లెలి అత్తగారు వంటింట్లో అన్న మాట మాత్రం నా చెవిన పడింది.

"శుభకార్యంలో శవాల్ని మోసొచ్చిన చేతులేంటే? పెళ్ళికెళ్తూ పిల్లిని చంకనెట్టుకెళ్ళినట్టు!"

ఆ పిల్లిని నేనన్నమాట.

"మా అక్కే ఉయ్యాల్లో వేస్తుందండి" అని చెల్లెలు పట్టుబట్టింది. పది నిమిషాలు మామూలు మనిషిలా ఉంటే చాలు, తర్వాత వాణ్ణి ఎత్తుకోవద్దనేవాళ్ళుండరు.

పీట మీద కూర్చున్నాక వాణ్ణి నా ఒళ్ళో పెట్టారు. దిష్టి తగలకుండా నుదుటి మీద, కొంచెం పక్కగా, బొటనవేలంత కాటుక చుక్క.

యెమెన్‌లో దెబ్బలు తగిలినవాళ్ళు ఒకేసారి పదులకొద్దీ వచ్చిపడేవారు. ఇక దక్కరనుకున్నవాళ్ళ నుదుటి మీద మార్కర్‌తో నల్లచుక్క పెట్టి, వరండాలోకి జరిపేసి, మిగతావాళ్ళని చూసుకునేవాళ్ళం. ఆ మార్కర్ ఎక్కువగా నా జేబులోనే ఉండేది.

కొంగు ఎప్పుడు తడిపానో తెలీదు, రుద్దేస్తున్నాను. వాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. "ఎవరు పెట్టారిది? వీడు బతుకుతాడు! లోపలికి తీసుకెళ్ళండి, బతుకుతాడు!" అని అరుస్తున్నది నేనే.

అత్తగారు బియ్యప్పళ్ళెం కింద పెట్టేసింది. "పేరు పెట్టే పూట అవేం మాటలండీ?"

చెల్లెలు వాణ్ణి నా చేతుల్లోంచి లాక్కుంది. తీసుకోలేదు, లాక్కుంది. చివరికి వాడి మేనత్తే ఉయ్యాల్లో వేసింది.

పెరట్లో కూర్చున్నాను. అత్తగారి మీద ఒళ్ళు మండిపోయింది. ఆవిడ అన్నంత పనీ నేనే చేసిపెట్టానని ఇంకా మండింది. పేరంటాళ్ళందరూ వెళ్ళాక చెల్లెలు వాణ్ణెత్తుకుని వచ్చింది. మార్కర్ సంగతి మొత్తం చెప్పేశాను.

"ఎంతమందికి పెట్టావక్కా?"

"తెలీదే. పెట్టినవాళ్ళలో ఒకళ్ళిద్దరు బతికేవాళ్ళేమో, అదే నా బాధ."

అది వంగి వాణ్ణి నా ఒళ్ళో పడుకోబెట్టింది. వాడి నుదురు ఇంకా ఎర్రగానే ఉంది. తన చెయ్యి మాత్రం వాడి వీపు కిందే ఉంచేసింది. తియ్యమని నేను అడగలేదు. దాని చోట నేనున్నా తీసేదాన్ని కాదు.